పేరిందేవి ఇంట్లో బల్లి

అదొక పెద్ద అడవి. ఈ చివర పులి గాండ్రిస్తే ఆ చివర కుందేళ్లు "ఎవరో తుమ్మారు, కాసేపు ఆగి బయల్దేరదాం" అనుకునేంత పెద్దది.

సాయంత్రమైతే అక్కడ నాలుగు దిక్కులా నాలుగు రాతి దిమ్మల మీద ఆటలు జరిగేవి. తూర్పున నెమలి నాట్యం. దక్షిణాన కోతులు ఆడే అత్తాకోడళ్ల కథ. అందులో కోడలికి నెలలు నిండి ఎన్ని వానాకాలాలు గడిచాయో, ఇంకా పురుడు రాలేదు. పడమట నక్కల చర్చ. దేని గురించి చర్చో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నక్కలన్నీ ఒకేసారి మాట్లాడేవి. ఉత్తరాన మడుగు పక్కన గండుకప్ప వరదయ్య పాట. ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని నచ్చింది చూసుకునేవారు.

ఖర్చంతా తేనెటీగలది. ఆట మధ్యలో "మా తేనె కొనండి, మీ నాలుకకి పుణ్యం ఉంటుంది" అని చెప్పించుకుని, ఆడినవాళ్లకి కుండలతో తేనె పోసేవి.

ఒకరోజు రాణీ ఈగకి అనుమానం వచ్చింది. "ఎక్కువమంది ఎవరిని చూస్తున్నారో వాళ్లకే కదా ఎక్కువ తేనె పోయాలి? లెక్క తేల్చండి" అంది.

లెక్కల పెద్దగా ముంగిస మృత్యుంజయాన్ని వేశారు. అడవంతా తిరగాలన్న మాట వినగానే ఆయన మోకాళ్లు నొప్పెట్టాయి.

"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా తింటామా? ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఇదీ అంతే" అన్నాడు.

"పట్టేదెవరు?" అని ఏనుగు అడిగింది.

"బల్లి. బల్లి పలికితే సత్యమని మన తాతలే చెప్పారు. ఒక ఇంటి గోడ మీద బల్లిని ఉంచుదాం. ఆ ఇంటివాళ్లు ఏ ఆట చూస్తే ఆ దిక్కుకి తిరిగి పలుకుతుంది."

సభంతా తలలూపింది. తాతల్ని కాదనడం ఎవరి తరం? అయితే బల్లులు మాత్రం పురుగుల వేళలో తీరిక లేదన్నాయి. ఒకే ఒక్క ముసలి బల్లి ఒప్పుకుంది. అలా ఆ మహారణ్యానికంతటికీ ఒకటే మెతుకు అయింది.

ఆ మెతుకు పేరు పేరిందేవి. ముళ్లపంది. ఒంటరిగా ఉంటుంది. ఆమె బొరియకి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు ఉండటం లెక్కకి అనుకూలం. ఒంటినిండా ముళ్లుండటం ఇంకా అనుకూలం. ఎవరూ దగ్గరికొచ్చి చెవిలో ఏమీ ఊదలేరు.

"అమ్మా, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు" అన్నాడు మృత్యుంజయం. "ఏ వాకిలి తెరిస్తే ఆ ఆట చూసినట్టు. మీ ఇష్టం వచ్చింది చూడండి. మీరే ఇక అడవి."

పేరిందేవి ఉక్కిరిబిక్కిరైంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇష్టం ఏమిటని అడిగినవాళ్లు లేరు. ఆ సాయంత్రం బల్లికి నమస్కారం పెట్టి, రోజూ చేసే పనే చేసింది. పడమటి వాకిలి బార్లా తెరిచి, మిగతావి మూసి, బయటికి వెళ్లిపోయింది.

ఎక్కడికంటారా? మడుగు దగ్గరికి. వరదయ్య పాటంటే ఆమెకి ప్రాణం. అది దూరం నుంచి వినేది కాదని ఆమె అభిప్రాయం. గొంతు కింద సంచి బుడగలా ఉబ్బుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తూ వినాలి. మరి పడమటి వాకిలి ఎందుకు తెరిచిందంటే, దుంపలు దొంగిలించే పునుగుపిల్లి కోసం. నక్కల అరుపులు ఇంట్లోంచి వినపడితే, లోపల ఏదో పెద్ద తగువు జరుగుతోందనుకుని అది దూరంగా పోయేది.

ఆ సంగతి బల్లికి ఎవరు చెప్పాలి? పడమటికి తిరిగి "టక్ టక్" అంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"అడవంతా నక్కల చర్చే చూస్తోంది!" అని మృత్యుంజయం ప్రకటించాడు. తేనె పడమటికి ప్రవహించింది. నెమలి నాట్యం మానేసి తోకతో నేలను కొట్టి అరవసాగింది. కోతుల కథలో అత్త, కోడలు, పుట్టబోయే బిడ్డ కూడా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం పేరిందేవి మడుగు దగ్గరికి వెళ్లేసరికి వరదయ్య దిమ్మ దిగి బురదలో కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది అన్నయ్యా? ఒంట్లో బాగాలేదా?"

"రేపటి పాటతో దిమ్మ ఖాళీ చెయ్యమన్నారు చెల్లెమ్మా. నక్కలు రెండో చర్చ పెడతాయట. నా పాట వినేవాళ్లు అడవిలో ఒక్కరూ లేరని లెక్క తేలింది."

"అదేమిటి? నేను వింటున్నానుగా! అదిగో ఆ దున్న, ఆ దుప్పి..."

"నువ్వొక్కదానివి వింటే లెక్కలోకి వస్తుందా తల్లీ? పిచ్చిదానివి" అని వరదయ్య నవ్వబోయాడు. గొంతు సంచి సగం ఉబ్బి ఆగిపోయింది.

పేరిందేవికి ఒళ్లు జలదరించి ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. పక్కనున్న దుప్పి ఎగిరి దూకింది. నోరు తెరిచి చెప్పేద్దామనుకుంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కదా. మింగేసింది.

మర్నాటి సాయంత్రం ఆమె గడప దాటలేదు. దుంపలు పోతే పోయాయని పడమటి వాకిలి మూసి, ఉత్తరం వాకిలి తెరిచి చతికిలబడింది. దిమ్మ మీద వరదయ్య చివరి పాట పాడుతున్నాడు. దూరమైంది, సంచి కనపడటం లేదు. అయినా కళ్లు తుడుచుకుంటూ ఆసాంతం విన్నది. బల్లి ఉత్తరానికి తిరిగి పలికింది.

తెల్లారేసరికి అడవి తలకిందులైంది. తేనెటీగలు కుండలతో వరదయ్య ముందు వాలాయి. నక్కలు మృత్యుంజయం ఇంటి ముందు గగ్గోలుపెట్టాయి. "బల్లిని ఎవరో మేపారు! రాత్రికి రాత్రి అడవి బుద్ధి మారుతుందా?"

మృత్యుంజయం విచారణకి వచ్చాడు.

"పేరిందేవిగారూ, నిన్న ఏం జరిగింది?"

"పాట విన్నానండీ."

"అదే ఎందుకని?"

"నాకిష్టం."

"మరి ఇన్నాళ్లూ నక్కల్ని ఎందుకు చూశారు?"

"నేనెక్కడ చూశానండీ? ఇంట్లో ఉంటేగా!" అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. పునుగుపిల్లి సంగతితో సహా.

మృత్యుంజయం చాలాసేపు మీసాలు దువ్వుకున్నాడు. లెక్క తప్పని ఒప్పుకుంటే పదవి పోతుంది. బల్లి తప్పంటే తాతలు పోతారు. చివరికి ఆయన ముఖం వికసించింది.

"దొరికింది! మీరు లేనన్నాళ్లూ లెక్క గడియ తేడా లేకుండా వచ్చింది. మీరు ఇంట్లో ఉన్న ఒక్కరోజే చెడింది. అంటే దోషం ఎక్కడుంది?"

"ఎక్కడుందండీ?"

"మీలో. మీరు చూడటం వల్లే లెక్క పాడవుతోంది. ఇకనుంచి ఆటల వేళకి మీరు ఇంట్లో ఉండరాదు. ఇది సభ ఆజ్ఞ. పడమటి వాకిలి మాత్రం ఎప్పటిలాగే తెరిచి వెళ్లండి."

పేరిందేవికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వరదయ్య దిమ్మ ఎలాగూ పోయింది. వచ్చిన తేనె కుండలు వచ్చిన దారినే పోయాయి. ఆమె నేరుగా మడుగుకి వెళ్లి, బురదలో అతని పక్కనే కూర్చుంది.

"నా వల్ల కాలేదు అన్నయ్యా" అంది. దేని గురించో అతనికి అర్థం కాలేదు.

"ఏదైనా పాడనా?" అన్నాడు.

పాడాడు. దిమ్మ లేకపోవడంతో ఎవరి గుమ్మం నుంచీ అతను కనపడడు. వినాలంటే రావలసిందే. నాలుగు దిక్కులా ఒకటే అరుపులైపోయిన అడవి ఒక్కొక్కరుగా గుమ్మం దిగి వచ్చింది. దున్న తన చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చింది. కొన్నాళ్లకి ఆడటం మానేసి నెమలి వచ్చింది, కోతులు వచ్చాయి. వాళ్లలో కోడలి చంకలో బిడ్డ కూడా ఉంది.

ఖాళీ బొరియలో బల్లి మాత్రం పడమటికి తిరిగి పలుకుతూనే ఉంది. నక్కలే ప్రథమం. తేనె వాటికే.

అరిచి అరిచి గొంతులు పోయిన నక్కలు ఒకనాడు మడుగు దగ్గరికి వచ్చి చివర్న నిలబడ్డాయి. నక్కల పెద్ద బొంగురు గొంతుతో, "అమ్మా, కాస్త జరుగుతారా? ఈ తేనె మాకు ఎక్కువైంది. అందరికీ పంచమంటారా?" అంది.

పేరిందేవి ముళ్లు దగ్గరికి ముడుచుకుని చోటిచ్చింది. కుండలు చేతులు మారాయి. ఆ రోజు నుంచి అడవిలో తేనె కొన్నవాళ్లు లేరు.

రాణీ ఈగ లబోదిబోమంటూ మృత్యుంజయం దగ్గరికి పరిగెత్తింది. "ఒక్క చుక్క అమ్ముడుపోవడం లేదు! ఏం చెయ్యను?"

ఆయన తాపీగా చెప్పాడు: "నక్కలకి ఇంకొంచెం ఎక్కువ పొయ్యండి."

నీతి: జనం ఏం చూస్తున్నారో కచ్చితంగా తేలాలంటే, ముందు జనాన్ని అడ్డు తప్పించాలి.