ఆఫ్టర్ గారు ఊళ్ళో లేరు

కండల మాస్టారికి కండలు లేవని ఎవరూ అనలేరు. ఉన్నాయి. బీరువాలో, చలికోట్ల కింద, పాత ఆల్బంలో భద్రంగా ఉన్నాయి.

ఒంటి మీద ఉన్నది మాత్రం పొట్ట. అదీ అలాంటిలాంటి పొట్ట కాదు. ఆయన ఏ గుమ్మం దాటబోయినా ఆయనకంటే ఓ క్షణం ముందే అది దాటి, లోపల ఎవరున్నారో చూసి పెట్టేది.

ఆయన పని జనం చేత వ్యాయామం చేయించడం. అపార్ట్‌మెంట్ల కింది అంతస్తు హాల్లో పొద్దున్న ఆరింటికి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెళ్ళో విజిల్ తగిలించుకుని కూర్చునేవాడు. "ఒకటీ... రెండూ... మోకాలు వంచండి పోస్టుమాస్టారూ, అది ఉత్తరం కాదు, మడిస్తే చిరగదు!" ఇలా ఇరవై ఏళ్ళు అరిచీ అరిచీ ఆయన ఒంట్లో కండ పట్టిన భాగం నాలుక ఒక్కటే.

ఒకప్పుడు పాతికమంది వచ్చేవారు. ఇప్పుడు ముగ్గురు. రిటైరైన పోస్టుమాస్టారు, మోకాళ్ళ నొప్పుల పిన్నిగారు, ఇంట్లో పేపరు చదువుకోనివ్వరని హాలుకొచ్చి చదువుకునే బ్యాంకు గుమాస్తా.

ఓ రోజు అపార్ట్‌మెంట్ల సంఘం కార్యదర్శి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాకుండా మాట్లాడే మనిషి మంచి మాట చెప్పడు.

"మాస్టారూ, ఒకటో తారీఖుకి పదిమందిని చూపించండి. లేదంటే హాలు ఆ ఆరుపలకల పొట్టున్న కుర్ర కోచ్‌కి ఇచ్చేస్తాం. అతనికి ఫోన్లో నలభై వేలమంది ఉన్నారట."

"నలభై వేలమందే! ఈ హాల్లో పడతారా?"

కార్యదర్శి ఆయన్ని జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఆ హాలు పోతే మాస్టారికి ఇంకో విద్య రాదు. చదువు ఏడో తరగతిలోనే ఆయన్ని వదిలించుకుంది. ఇంట్లో కూర్చుని విజిల్ ఊదుదామన్నా ప్రెషర్ కుక్కర్ ముందు నెగ్గలేడు.

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. మెళ్ళో కొలత టేపు, నోట్లో గుండుసూదులు. వీధంతా ఆమెను టైలరమ్మ అంటారు. నోట్లో సూదులున్నంతసేపే ఆ ఇంట్లో మాస్టారికి మాట్లాడే అవకాశం.

"ఏమే, నేనూ ఫోన్లోకి ఎక్కుతాను."

టైలరమ్మ సూదులు తీసి డబ్బాలో వేసింది. "ఎక్కండి. మెల్లిగా ఎక్కండి, అద్దం పగులుద్ది."

"నవ్వులాట కాదే. ఆ కోచ్ గాడి ఫోటోలు చూశావా? అన్నీ జంటలే. ఇటో లావుపాటి వాడు, అటో సన్నపాటి వాడు. అంతమంది అన్నదమ్ములు వాడికెక్కడ దొరికారంటావ్?"

"అన్నదమ్ములు కాదు నా ఖర్మ. ఇద్దరూ ఒకడే. ఇది బిఫోర్, అది ఆఫ్టర్. ముందు అలా ఉన్నవాడు, కోచ్ దగ్గర చేరాక ఇలా అయ్యాడన్నమాట."

మాస్టారు కాసేపు ఆలోచించాడు. తన దగ్గర చేరాక పోస్టుమాస్టారు మూడు కిలోలు పెరిగారు. పిన్నిగారికి ఒక మోకాలి నొప్పి రెండు మోకాళ్ళకీ పాకింది. ఎవరిని ఎటు తిప్పి పెట్టినా పరువు దక్కేలా లేదు.

అప్పుడాయన చూపు బీరువా మీద పడింది.

"దొరికాడే!" అని ఆల్బం లాగాడు. అందులో ఇరవై ఏళ్ళనాటి తను. నొక్కులజుట్టు, నల్లటి మీసం, చెక్కినట్టున్న పొట్ట. "ఇప్పటి నేను బిఫోర్. అప్పటి నేను ఆఫ్టర్. అబద్ధం ఎక్కడుంది? రెండూ నేనేగా!"

"వరసలో ఉంది అబద్ధం."

"వరస మారితే ఏమైందే?"

"పిల్లలు ముందూ పెళ్ళి తరవాతా అంటే ఏమవుద్దో అదే అవుద్ది."

మాస్టారు వినలేదు. వింటే ఆయన మాస్టారెందుకవుతాడు! పైగా గొప్ప తెలివి ఒకటి తట్టింది. పాత ఫోటో తీసింది ఈ ముందుగదిలోనే కాబట్టి కొత్తదీ అదే గోడ పక్కన నిలబడి తీయించుకుంటే జనం కళ్ళు మూసుకుని నమ్ముతారు.

"పొట్ట బాగా కనబడాలే. బయటికి తోయనా?"

"ఏం తోయక్కర్లేదు. మీరు ఊరికే నిలబడండి, అది చూసుకుంటుంది," అని టైలరమ్మ ఫోటో తీసింది.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, కింద 'ఇద్దరూ ఒకే మనిషి' అనీ, హాలు చిరునామా, టైమూ రాసి, ఆయన ఫోన్లోకి వదిలాడు. ఇక చూసుకోండి. సాయంత్రానికి ఫోను ఈగలు ముసిరినట్టు మోగడం మొదలెట్టింది.

"ఏమే! మూడువేల నవ్వు మొహాలే! పాపం జనం ఎంత సంతోషపడుతున్నారో!"

"పడరూ మరి," అంది టైలరమ్మ. "కింద ఏం రాశారో చదవండి."

చదివాడు. "మాస్టారి పొట్ట తగ్గింది సరే, వెనకున్న టీవీకి పొట్టెలా వచ్చిందండీ?" అని ఒకడు. మాస్టారు ఫోటోల వంక చూశాడు. గోడ ఒకటే. కానీ బిఫోర్‌లో గోడకి అంటుకున్న పలకలాంటి టీవీ. ఆఫ్టర్‌లో గూనివీపు డబ్బా టీవీ.

"బరువు తగ్గితే జుట్టు కూడా మొలుస్తుందా?" అని మరొకడు. "మా ఆయన్ని పంపిస్తాను, ఇరవై ఏళ్ళు తగ్గించి పంపండి. అత్తగారిని వద్దు, ఆవిడ మళ్ళీ చిన్నదైతే నేను తట్టుకోలేను," అని ఓ ఇల్లాలు.

ఇది పొగడ్తో తిట్టో మాస్టారికి తెలియలేదు. అందరికీ ధన్యవాదాలు చెప్పాడు. టీవీవాడికి రెండుసార్లు చెప్పాడు.

తెల్లారితే ఒకటో తారీఖు. ఆరింటికి ముందే హాలు ముందు ముప్ఫైమందికి పైగా ఉన్నారు. అందులో సగానికి సగం బట్టతలలు. వాకిట్లో లైటు వెయ్యాల్సిన పని లేకపోయింది. కార్యదర్శి కూడా పుస్తకం, పెన్నూ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

మాస్టారి పొట్ట మలుపు తిరిగింది. వెనకాలే మాస్టారు తిరిగాడు.

"అరె, బిఫోర్ గారొచ్చారు!" అన్నాడో బట్టతలాయన. "నమస్కారమండీ. ఆఫ్టర్ గారేరీ?"

మాస్టారు మెళ్ళో విజిల్ సవరించుకున్నాడు. నేనే అందామంటే అది నేను కాదంటారు. నేను కాదందామంటే అది నేనే. తను తనకి ఏమవుతాడో ఆయనకి ఒక్కసారిగా అంతు చిక్కలేదు.

"ఆయన... ఊళ్ళో లేరు."

"మీరేమవుతారు ఆయనకి?"

"అన్న... అన్నయ్యని."

"అదేంటండీ! ఇద్దరూ ఒకే మనిషని రాశారుగా? లావైతే మీరూ, తగ్గితే మీ తమ్ముడూనా? మరి మేం తగ్గితే ఎవరమవుతాం?"

ఇది న్యాయమైన ప్రశ్నే. మాస్టారు జవాబు కోసం పోస్టుమాస్టారి వంక చూశాడు. ఆ చూడటమే తప్పయింది.

"మీకు తమ్ముడేంటి మాస్టారూ?" అన్నారాయన అమాయకంగా. "ఈ వీధి ఉత్తరాలన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. తమ్ముడి దగ్గర్నించి ఒక్క కార్డు ముక్క వచ్చిందా మీకు?"

జనంలో గొణుగుడు మొదలైంది. బ్యాంకు గుమాస్తా పేపరు మడిచాడు. ఆయన పేపరు మడవడం హాలు చరిత్రలో అదే మొదటిసారి.

కార్యదర్శి మాస్టారి చెవి దగ్గరకొచ్చాడు. "పదిమంది అన్నాను, ముప్ఫైమందిని చూపించారు, ఒప్పుకుంటాను. వీళ్ళు చేరడానికొచ్చారా, కొట్టడానికొచ్చారా? ఏ పేజీలో రాసుకోమంటారు?"

"కాస్త జరగండి బాబూ," అంటూ జనంలోంచి టైలరమ్మ వచ్చింది. మెళ్ళో టేపు అలాగే ఉంది. తిన్నగా వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"అందరూ వినండి. ఆ ఆఫ్టర్ అన్నాయన్ని నేను పెళ్ళి చేసుకున్నాను. ఈ బిఫోర్ అన్నాయన నాకు మిగిలాడు. ఇద్దరూ ఒకరే. ఫోటోలు ఇటుది అటు, అటుది ఇటు పెట్టుకోండి, నిజమైపోద్ది."

హాలు పైకప్పు ఎగిరేలా నవ్వులు. మాస్టారు నేల వంక చూద్దామనుకున్నాడు. మధ్యలో పొట్ట అడ్డొచ్చింది.

"మోసమే," అంది టైలరమ్మ. "కాదనను. పోదలిస్తే పొండి. ఉండేవాళ్ళుంటే ఒక మాట. ఈ మనిషిని మళ్ళీ ఆ మనిషిని చేస్తాను. మీ కళ్ళముందే, ఈ హాల్లోనే. వారం వారం నేనే కొలుస్తాను, ఉన్నదున్నట్టు ఫోన్లో పెడతాను. జుట్టుకి మాత్రం హామీ లేదు." అంటూనే టేపు తీసి మాస్టారి నడుం చుట్టూ తిప్పింది. "నలభై ఆరు. రాసుకోండి కార్యదర్శిగారూ."

"ఏమే, నలుగురిలో..."

"ఊపిరి బిగబట్టకండి. నలభై ఏడు."

బట్టతలలతో పాటు మిగతా జనం కూడా చాలావరకు వెళ్ళిపోయారు. మొదట మాట్లాడిన బట్టతలాయన మాత్రం కదల్లేదు. "సన్నగా ఉన్న కోచ్ 'తగ్గండి' అంటే ఒళ్ళు మండుద్దమ్మా నాకు. ఈయన్ని చూస్తుంటే ఎందుకో ధైర్యంగా ఉంది," అని పేరు రాయించాడు. ఆయన్ని చూసి ఇంకో ఐదుగురు.

కార్యదర్శి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "కొత్తవాళ్ళు ఆరుగురు. పాతవాళ్ళు ముగ్గురు. తొమ్మిదే అయ్యారు. నియమం నియమమే. పది కావాలి."

మాస్టారు వాకిలి వంక చూశాడు. ఎవరూ రావడంలేదు. వీధి వంక చూశాడు. పాలపాకెట్ల సంచి తప్ప మనిషి జాడ లేదు. చివరికి భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే ఈయన వంక చూస్తోంది. కార్యదర్శీ చూస్తున్నాడు. తొమ్మిదిమందీ చూస్తున్నారు.

"నేనా? నేను మాస్టార్నే!"

"పదోవాడు లేకపోతే ఏ హాలుకి మాస్టారండీ మీరు?" అంది టైలరమ్మ నెమ్మదిగా.

"మరి నేను అందులో చేరితే ఇక్కడ కూర్చునేదెవరు?"

ఆ మాట అనేసి కుర్చీ వైపు తిరిగాడు. టైలరమ్మ వెళ్ళి అందులో కూర్చుంది. చెయ్యి చాచింది. ఆయన మెళ్ళోంచి విజిల్ తీసి ఆ చేతిలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. ఆ పొద్దున్న ఆయనకి తెలిసి జరిగింది ఒక్కటీ లేదు.

కార్యదర్శి పుస్తకం ముందుకు తోశాడు. మాస్టారు పదో గీత మీద సంతకం పెట్టాడు. పక్కన బ్రాకెట్లో మాస్టారు అని రాయబోతే పిన్నిగారు, "ఆ కాలమ్ ఇక్కడ లేదు నాయనా," అన్నారు.

గుంజీళ్ళు ముప్ఫై తీయించింది టైలరమ్మ. పదకొండో గుంజీ దగ్గర "ఏమే" అన్నాడు. మళ్ళీ మొదట్నించీ తీయించింది.

అయ్యాక గోడకి ఆనుకుని, గసపోసుకుంటూ, మిగతా తొమ్మిదిమంది వెళ్ళేదాకా ఆగి, చెమట తుడుచుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చాడు.

"రేపు ఎన్నింటికి రావాలండీ?"

"అందరూ ఆరింటికి," అంది టైలరమ్మ, విజిల్ మెళ్ళో వేసుకుంటూ. "మీరు ఐదున్నరకి."