వైఫై రాని లినక్స్ సంసారం

లాప్‌టాప్‌లో వైఫై పనిచేయడం సంసారానికి మంచిది కాదు!

నవ్వకండి. మా బావను చూశాకే ఈ మాట రాస్తున్నాను. అక్క లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని ఆదివారం ఆయన దానికి విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. లాప్‌టాప్ లేచి పరుగెత్తింది. వైఫై కార్డు పడుకుంది.

నష్టమేముంది? వైఫై పనిచేసే ఇళ్లలో మగవాళ్లు ఎక్కడుంటారో ఇల్లాళ్లు చెప్పగలరా? మా బావ భోజనాల బల్ల దగ్గరే ఉంటాడు, నల్లటి తెర ముందు. పేకాట లేదు, తాగుడు లేదు. తీరికేదీ!

ఇక జ్ఞానం సంగతి. వైఫై రావాలంటే డ్రైవర్ కావాలి. అంటే, కార్డు చేత పనిచేయించే ప్రోగ్రాం. అది ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ రావాలంటే వైఫై కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత మా బావకు ఇన్నేళ్లకు అర్థమైంది.

ఫోన్‌లో వెతికితే ఇలాంటివాళ్లు గోడు చెప్పుకునే ఫోరం ఒకటి దొరికింది. ఇదే కార్డుతో తాను పడ్డ పాట్లన్నీ ఎవరో అందులో రాసుకున్నాడు. చివర తనే "వచ్చేసింది, థాంక్స్" అన్నాడు. ఎలా వచ్చిందో రాయలేదు. వైరాగ్యం నేర్పడానికి ఇంతకన్నా మంచి గురువు కావాలా?

కార్డు తయారుచేసిన కంపెనీ డ్రైవర్ ఇస్తోంది. బావ ముట్టడు. లోపల ఏముందో చూపించని ప్రోగ్రాం ఆయన గడప తొక్కకూడదు. నియమం! రోజూ మింగే బీపీ మాత్రలో ఏముందో మాత్రం ఎన్నడూ అడగలేదు.

సోమవారం నాలుగింటికి అక్కకు వీడియోలో ఇంటర్వ్యూ. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగానికి చేసిన మొదటి ప్రయత్నం. లాప్‌టాప్ ముందే కూర్చోవాలన్నారు.

"ఏమండీ, మూడున్నరయింది."

"ఇదిగో, ఒక్క కమాండ్."

"పొద్దున్నుంచీ ఆ ఒక్కటే అంటున్నారు. కంపెనీవాళ్లది పెట్టేయొచ్చుగా?"

"సూత్రం ముఖ్యమే!"

"నాకు ఉద్యోగం ముఖ్యం. పోనీ, వైరు పెట్టి ఫోన్ నెట్‌కి కలపండి."

"కలిపితే కార్డు గెలిచినట్టే."

"అయితే పాతదే మళ్లీ ఎక్కించండి."

"అది తుడిచేశాగా!"

అక్క వంటింట్లోకి వెళ్లి, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి, తలుపేసుకుంది.

ఉద్యోగం వచ్చింది! ఎలా అనుకుంటున్నారు? లాప్‌టాప్ ఏదని అడిగితే, "మావారు బాగుచేస్తున్నారండీ" అందట. అటువైపు ఆవిడ పడీ పడీ నవ్విందట. వాళ్లింట్లోనూ ఒకాయన ఉన్నాడట. ఆ తర్వాత ఇంటర్వ్యూ కాస్తా కష్టసుఖాల ముచ్చటైపోయింది. వైఫై పనిచేసి ఉంటే ఈ చుట్టరికం కుదిరేదా?

కనుక నా వాదన నెగ్గింది. ఒక్కటే కొరుకుడు పడలేదు. ఇంట్లోంచే పనిచేసుకోవచ్చని ఆఫీసువాళ్లు చెప్పినా, రోజూ వస్తానని అక్క పట్టుబట్టింది. రెండు బస్సులు మారాలి.

"ఎందుకక్కా ఈ అవస్థ?" అన్నాను.

"అక్కడ వైఫై చూసేవాడు జీతానికి చేస్తాడురా, పనవుతుంది. మీ బావ ఇష్టంకొద్దీ చేస్తాడు."