దొరగారు పెట్టిన ఆక్టోపస్ టోపీ

నెత్తిన జంతువు లేని దొరను యుద్ధానికి పంపకూడదు! నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను.

ఈ మధ్య మన సామురాయ్ దొరల నెత్తుల మీద అడ్డమైన జీవాలూ వెలుస్తున్నాయని కొందరు సణుగుతున్నారు. ఒకాయన శిరస్త్రాణం మీద పీత. ఇంకొకాయనకు వాలుగ చేప తోక, దానికి బంగారు రేకు. కొండవతల కగెయమ దొరగారికైతే బారెడు పొడవు కుందేలు చెవులు! ఆయన గుమ్మం దాటాలంటే కొత్త పెళ్ళికూతురిలా తల వంచాల్సిందే. దొరలకు వినయం నేర్పిన వస్తువు ఇంకేదైనా ఉందా, చెప్పండి?

మా ఒనిజుక దొరగారిది ఆక్టోపస్. ఎర్ర లక్క పూసిన కాళ్ళు నుదుటి మీంచి వేలాడుతుంటాయి. దాన్ని మోసుకు తిరిగేది మా ఆయన జింపచి. వట్టి కాలిబంటు. ఆయన సొంత ఇనపటోపీ అన్నం గిన్నెలా ఉంటుంది. నిజానికి అందులోనే వండుకుంటాడు కూడా!

మొన్న వసంతంలో ఏటి ఒడ్డున కగెయమ సేన ఎదురైంది. దూరాన ఆ కుందేలు చెవులు కనబడగానే మా దొరగారికి కడుపులో తిప్పింది.

"ఒరేయ్ జింపచీ, కాసేపు ఇది నువ్వు పెట్టుకోరా. నేనలా పొదల్లోకి వెళ్ళొస్తా."

"బాబోయ్, నేనా దొరా! అందరూ నన్నే పొడుస్తారు కదండీ!"

"అందుకేరా పెట్టుకోమంటున్నా!"

ఇంత ముక్కుసూటిగా మాట్లాడే దొర మీకెక్కడైనా దొరుకుతాడా? అలా ఆయన మా ఆయనకు టోపీ పెట్టారు.

పెట్టగానే ఆక్టోపస్ కాళ్ళు కళ్ళ మీద పడ్డాయి. ఏమీ కనబడలేదు. జింపచి ప్రాణభయంతో వెనక్కి పరుగెత్తాడు. వెనక్కే అనుకున్నాడు పాపం! పోయింది తిన్నగా శత్రువుల మీదికి.

"దొరగారే ముందుకురికారు రోయ్!" అంటూ మావాళ్ళంతా ఆయన వెంటపడ్డారు. ఎవడిదో బల్లెం మా ఆయన భుజంలో దిగింది. అయినా ఆయన ఆగలేదు. ఎక్కడ ఆగాలో తెలిస్తే కదా!

అటునుంచి కగెయమ దొర గుర్రం మీద దూసుకొచ్చాడు. గాలి ఆయన చెవుల్ని తెరచాపల్లా పట్టుకుంది. మనిషి ఒరిగాడు, చెవులు ఆక్టోపస్ కాళ్ళలో చిక్కుకున్నాయి, ఇద్దరూ దభీమని ఏట్లో పడ్డారు! నీళ్ళ మీద రెండు చెవులు తేలడం చూసి శత్రుసేన కాలికి బుద్ధి చెప్పింది. మా ఆయన నెత్తురోడే భుజంతోనే ఆ దొరను చెవులు పట్టి ఒడ్డుకు లాగాడు.

"మెల్లిగా లాగవయ్యా, లక్క ఊడిపోతుంది!" అన్నాడట ఆ మహానుభావుడు నీళ్ళు కక్కుతూ.

అంతలో మా దొరగారి కడుపు కుదుటపడింది. వచ్చి టోపీ పుచ్చుకున్నారు.

ఆ గెలుపును పెద్ద తెర మీద వెయ్యమని రిన్సాయి అనే చిత్రకారుణ్ణి పిలిపించారు. బొమ్మ పూర్తయ్యాక మేమూ చూడబోయాం. అబ్బ, ఏం ఆక్టోపస్! కాళ్ళు ఒక్కోటీ మెలికలు తిరిగి ఉన్నాయి. దాని కింద ఒనిజుక దొరగారి ముఖం, ఆ కళ్ళలో నిప్పులు!

"మా ఆయన ఏడండీ?" అని అడిగాను.

రిన్సాయి గారు ఏటిమీద పరుచుకున్న బంగారు మబ్బును చూపించారు. "దాని వెనక ఉన్నాడమ్మా."

"ఆ రోజు ఎండ మండిపోయిందే! ఇంత మబ్బెక్కడిది?"

"ఏం చెయ్యనమ్మా! టోపీ ఒకటి, ముఖాలేమో రెండు."

జింపచి ఆ మబ్బును తేరిపార చూశాడు. "బాగానే ఉన్నానే! కాస్త లావయ్యానంతే," అని పకపకా నవ్వాడు. నవ్వుకు భుజం కదిలి అబ్బా అని మూలిగాడు.

నిన్న మళ్ళీ యుద్ధానికి రమ్మని కబురొచ్చింది. ఆయన చెయ్యి ఇంకా పైకి లేవదు.

అందుకని దొరలందరికీ నాదొక విన్నపం. గెలిచేవి టోపీలు, పేరు మోసేవి టోపీలు, బొమ్మల్లో నిలిచేవీ టోపీలే. మరి వాటి కింద తలలు దేనికండీ? పీతల్నీ కుందేళ్ళనీ ఆక్టోపస్‌నీ కర్రలకు తగిలించి ఏటి ఒడ్డున ఎదురెదురుగా పాతండి. తనివితీరా కొట్టుకోనివ్వండి!

తలల్ని మాత్రం ఇళ్ళ దగ్గర వదిలి వెళ్ళండి. మాకు వాటితో పనుంది.