అదురుకు వచ్చిన జనం

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, ఎండ ముదరకముందే, తన కొత్త పాటను జనం ముందు వాయించాలని భూపేష్ పథకం వేసుకున్నాడు. పథకంలో లోపమేమీ లేదు. జనమే తక్కువ.

కర్నూలు శివారు కాలనీలో, కృష్ణవేణమ్మ ఇంటి డాబా మీది గదిలో అతను అద్దెకు దిగి ఆరు నెలలైంది. పగలు గదిలోనే కూర్చుని కంపెనీ పని చేస్తాడు. మిగతా వేళల్లో కంప్యూటర్‌లో సంగీతం కడతాడు. పాడేవాళ్లుండరు, మాటలుండవు, బేస్ మోత ఒక్కటే గుండెల మీద గుద్దుతూ ఉంటుంది. ఎవరి పిచ్చి వారికానందం. కాకపోతే ఆ ఆనందం పంచుకోవడానికి ఒక్క మనిషీ లేక అతనికి అన్నం సయించడం లేదు. ఈ ఆరు నెలల్లో వీధిలో అతన్ని పలకరించింది పాలప్యాకెట్ల మనిషి ఒక్కడే, అదీ మర్నాడు రానని చెప్పడానికి.

వారం కిందట బెంగళూరులోని ఒక క్లబ్బు నుంచి అంజలి అనే ఆమె ఫోన్ చేసింది. అతను నెట్‌లో విడుదల చేసిన పాట విన్నామనీ, అక్కడ వాయించే అవకాశం కావాలంటే జనం ముందు వాయించిన వీడియో పంపాలనీ చెప్పింది. భూపేష్ పెళ్లి ఊరేగింపుల్లో వాడే పెద్ద బేస్ డబ్బాలు నాలుగు తెచ్చి డాబా మీద పెట్టి, ముందు కుర్చీలు వేశాడు. ప్రతి గేటుకూ ఆహ్వానం అంటించాడు. కోచింగ్ సెంటర్ కాగితమనుకుని ఎవరూ చదవలేదు. ఎనిమిదిన్నరైంది. ఖాళీ కుర్చీలను చూస్తే అతనికి ఏడుపొచ్చింది. కెమెరా ఆన్ చేసి, ఆ కుర్చీలకే వాయించడం మొదలుపెట్టాడు.

డాబా మీద అది సంగీతమే. కిందికి దిగింది మాత్రం అదురు ఒక్కటే. కృష్ణవేణమ్మ వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. కాలనీలో సగం బోర్లు ఎండిపోయిన రోజుల్లో గోడలు అదిరాయంటే ఆ వీధివాళ్లకు ఒకటే అర్థం: పక్కవాళ్లు బోరు వేస్తున్నారు. వాళ్లు లోతుకు పోతే మన నీళ్లు వాళ్ల పాలు. ఆమె చేతిలో గరిటెతోనే ఎదురింటి పుల్లయ్య మీదికి పోయింది.

"ఏమప్పా పుల్లయ్యా, చెప్పాపెట్టకుండా బోరేపిస్తాండావా?"

"నేనా? నీ ఇంటెనక నువ్వే ఏపిస్తాండావని అడిగేకి వస్తాండా! మా గోడలు శానా అదురుతాండాయమ్మా!"

ఆ అరుపులకు పదిమంది, పదిమందిని చూసి నలభైమంది పోగయ్యారు. బోరు వేస్తున్నారన్న మాట వీధి చివరికి చేరేసరికి నీళ్లు కూడా పడ్డాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. బోరు వేసే రిగ్గు ఎక్కడుందో పైనుంచి కనబడుతుందని అందరూ డాబా ఎక్కారు.

భూపేష్ తలెత్తి చూశాడు. డాబా నిండా జనం! పుల్లయ్య రెండు చేతులూ పైకెత్తి "ఆపప్పా!" అని అరుస్తున్నాడు. బేస్ డబ్బాల ముందు ఆ మాట ఎవరికి వినబడుతుంది? అదురు ఎక్కడిదో తేల్చడానికి కొందరు కాళ్లతో నేలను తన్ని చూస్తున్నారు. వెనక తలల మీద బిందెలు ఊగుతున్నాయి. ఇంతమంది తనవైపు చూడటం అతనికి ఇదే మొదలు. కళ్లు చెమర్చాయి. సంతోషం పట్టలేక శబ్దాన్ని చివరిదాకా పెంచాడు.

కృష్ణవేణమ్మ ప్లగ్గు పీకింది.

"రిగ్గు యాడుండాది?" పుల్లయ్య అడిగాడు.

"రిగ్గు కాదు పెదనాయనా, పాట," అన్నాడు భూపేష్.

"పాటయితే మాటలుండల్ల గదా?"

"దీంట్లో మాటలుండవు."

"మరి నీళ్లు?"

"నీళ్లూ పడవు."

పుల్లయ్య జాలిగా చూశాడు. "మరెందుకప్పా ఇంత కష్టం?"

"టీ పెడతా, కూర్చోండి," అని భూపేష్ బతిమాలాడు. బోరు లేదని తేలాక అందరూ పనులున్నాయన్నారు. రెండు నిమిషాల్లో డాబా ఖాళీ అయింది. చేసేది లేక అతను వీడియో పంపాడు.

సాయంత్రం అంజలి ఫోన్ చేసింది. "అదిరిపోయిందండీ! మా వాళ్లందరికీ నచ్చింది."

"నన్నెప్పుడు రమ్మంటారు?"

"మీరు కాదండీ, ఆ జనం కావాలి. మా క్లబ్బులో అందరూ ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు. వచ్చే శనివారం మా డీజే కొత్త ఆల్బమ్ విడుదల. ముందు వరసలో వాళ్లుండాలి. బస్సు పంపిస్తాం, బిందెలు కూడా తెమ్మనండి. మీ అభిమానులే కదా, వాళ్ల నంబర్లు పంపుతారా?"

భూపేష్ ఫోనులో వెతికాడు. నలభైమందిలో అతని దగ్గరున్నది కృష్ణవేణమ్మ నంబరు ఒక్కటే. గది ఖాళీ చేయమని ఆ నంబరు నుంచి మెసేజ్ వచ్చి అప్పటికి రెండు గంటలైంది.