మంత్రిగారు చూసిన మూడో పీరియడ్

ఇక మీదట ఈ ప్రావిన్సులో ఏ ప్రతిభా దాక్కోవడానికి వీల్లేదని మా క్రీడా మంత్రి, గౌరవనీయ లోర్న్ ఆపిల్‌గార్త్ గారు ఫిబ్రవరి రెండోవారంలో ప్రకటించారు. దాక్కున్నదాన్ని తానే స్వయంగా వచ్చి పట్టుకుంటానని కూడా అన్నారు. ఆ పట్టుకోవడమేదో మా టామరాక్ ఫాల్స్‌తో మొదలుపెట్టడం మా అదృష్టం. అక్టోబరులో ఎన్నికలు ఉండటానికీ, కిందటిసారి మా ఊళ్లో ఆయన పార్టీ ఓడిపోవడానికీ, దీనికీ ఏ సంబంధమూ లేదని ఆయనే చెప్పారు. ఎవరూ అడగకుండానే చెప్పారు.

నేను మా ఊరి ఐస్ అరేనాలో మంచు సాపుచేసే బండి నడుపుతాను. పేరు వెండెల్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మంత్రిగారి పర్యటన గురించి రాజధాని నుంచి వచ్చిన విలేకరి ఈ పత్రికలో రాశాడు గానీ, దాంట్లో మంత్రిగారి గొప్పతనం సగమే వచ్చింది. మిగతా సగం పాఠకులకు అందకుండా పోతుందేమోనన్న బాధతో ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకు ఒక్కమాట. ప్రతి జూన్‌లోనూ ఐస్ హాకీ పెద్ద లీగు క్లబ్బులన్నీ ఒకచోట కూర్చుని, వంతులవారీగా కుర్రాళ్ల పేర్లు పిలుస్తాయి. అదే డ్రాఫ్ట్. పేరు పిలిస్తే హాకీ, పిలవకపోతే కాగితం మిల్లు. మా జట్టులో తొమ్మిదో నంబరు టైసన్ పెల్టోలాను రెండేళ్లుగా ఎవరూ పిలవలేదు. ఈ జూన్‌లో కూడా పిలవకపోతే వయసు దాటిపోతుంది, ఇక ఎప్పటికీ పిలవరు. మిల్లులో వాళ్ల మేనమామ అతని కొలతకు బూట్లు కూడా తీసి పక్కన పెట్టాడు.

టైసన్ పొట్టివాడు. ఆటకు ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు; మొదటి రెండింటిలోనూ పెద్దపెద్ద డిఫెన్సువాళ్లు వాణ్ని గోడకేసి ఆనిస్తూ ఉంటారు. మూడో పీరియడ్ ఆఖరి పది నిమిషాలకు ఆ పెద్దవాళ్ల కాళ్లు బరువెక్కుతాయి. వీడి కాళ్లు ఎక్కవు. గోల్స్ అన్నీ అప్పుడే కొడతాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఏ ఆటగాడు ఎంతవాడో క్లబ్బులకు రాసి పంపే స్కౌట్లు సరిగ్గా ఆ పది నిమిషాల ముందే లేచిపోతారు. మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో కార్లు వేడెక్కాలి, మంచు పడకముందే హైవే ఎక్కాలి. మా అరేనాకు ఆరుగురు స్కౌట్లు వస్తారు. ఆరుగురూ ఒక మూలన కూర్చుంటారు. చప్పట్లు కొట్టరు, మొహంలో ఏమీ కనిపించనివ్వరు. కనిపిస్తే పక్కవాడు రాసేసుకుంటాడని భయం.

మరి చూడని పది నిమిషాల సంగతి? ప్రతి స్కౌటు ఫారంలోనూ దానికో గడి ఉంటుంది. హైవే పక్కన కాఫీ షాపులో ఆరుగురూ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఆ గడి నింపుతారు. మర్రే డుబ్చాక్ అందరికంటే పెద్దవాడు కాబట్టి మిగతావాళ్లు వరసగా అతన్ని చూసి రాస్తారు. మర్రే ఆరోవాడిని చూసి రాస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ పద్ధతిలో ఒక్క తేడా కూడా రాలేదు.

టైసన్ తల్లి కొలీన్ అరేనా క్యాంటీన్ నడుపుతుంది. మంత్రిగారి ప్రకటన రేడియోలో విన్న రోజే ఆవిడ ఉత్తరం రాసి, పోస్టు చేసేముందు నాకు చదివి వినిపించింది.

"ఉన్నదున్నట్టే రాశాను, విను. 'మావాడు ఆఖరి పది నిమిషాల్లో ఎడమపక్కనుంచి వస్తాడు. ఇద్దరు పెద్ద డిఫెన్సువాళ్ల మధ్యనుంచి, మా పిల్లి బేకన్ ముక్క కరుచుకుని కుర్చీకాళ్ల సందులోంచి జారుకున్నట్టు జారుకుంటాడు. ఆ సమయానికి స్కౌట్లు కార్లలో ఉంటారు. దయచేసి వాళ్లను ఆపండి.' ఎలా ఉంది?"

"మంత్రికి రాసే ఉత్తరంలో పిల్లెందుకు కొలీన్?"

"అయితే అంతకంటే బాగా ఎలా చెప్పాలో నువ్వు చెప్పు."

పిల్లి ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం మంత్రిగారు వేంచేశారు. వెంట ఆయన సహాయకురాలు బ్రాన్విన్, ఆవిడ చంకలో లావుపాటి ఫైలు. మంత్రిగారు క్యాంటీన్‌లో మాంసం, బీన్సు వేసి కారంగా వండిన చిల్లీ ఒక గిన్నెడు తిని, ఇలాంటి చిల్లీ తన జన్మలో తినలేదన్నారు. ఆ మాట నిజమే అయ్యుండాలి, ఎందుకంటే వెంటనే నీళ్లడిగారు.

"మీ ఉత్తరం అందిందమ్మా," అంది బ్రాన్విన్.

"చదివారా?" అంది కొలీన్.

"ఫైల్లో పెట్టాం."

మంత్రిగారు మూతి తుడుచుకుని కొలీన్ చెయ్యి పట్టుకున్నారు. "నేను మాటిస్తున్నాను తల్లీ. ఇవాళ ఒక్క స్కౌటు కూడా నాకంటే ముందు ఈ గేటు దాటడు. ఏమయ్యా, నీ పేరేంటి?"

"వెండెల్ అండీ."

"ఆ మంచు తోసే లారీ ఎవరిది?"

"మున్సిపాలిటీదండీ."

"తీసుకెళ్లి గేటుకడ్డంగా పెట్టు."

పెట్టాను. ఇన్నేళ్లలో ఏ నాయకుడూ మా ఊరికి ఇంత సూటిగా పనికొచ్చే నిర్ణయం తీసుకోగా నేను చూడలేదు. కొలీన్ కళ్లు తుడుచుకుంది. నేనూ టోపీతో మొహం తుడుచుకున్నాను, దాచడం దేనికి.

ఆట మొదలైంది. మంత్రిగారు ప్రతిభను చాలా శ్రద్ధగా అంచనా వేశారు. జాతీయగీతం పాడినప్పుడు ఎవరి పెదవులు కదిలాయో, ఎవరి పళ్లు ఎన్ని ఉన్నాయో బ్రాన్విన్ చేత రాయించారు. తరవాత ఆయన చూపు మూలనున్న ఆరుగురి మీద పడింది.

"వాళ్లెవరు? గోల్ పడినా చప్పట్లు కొట్టరేం? ఏ పార్టీ?"

"స్కౌట్లు సార్. తలో క్లబ్బు," అన్నాను.

"మరి అందరూ ఆట మానేసి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారేమిటి?"

"వాళ్ల పనే అది సార్."

"మా మంత్రివర్గంలో కూడా ఇంతే," అన్నారాయన ఆప్యాయంగా.

రెండు పీరియడ్లు అయ్యేసరికి స్కోరు రెండు రెండు. టైసన్‌ను ఎప్పటిలాగే గోడకేసి ఆనించారు, ఒకసారి తలుపుతో సహా ఆనించారు. కొలీన్ క్యాంటీన్ కిటికీలోంచి చూస్తూ నవ్వుతూనే ఉంది. ఆవిడ ఎదురుచూస్తున్నది ఇంకా రాలేదు మరి. ఆరుగురు స్కౌట్లూ కిటికీలోంచి లారీని చూసి, కుర్చీల్లో ఇంకాస్త కిందికి దిగారు.

విరామంలో నేను బండి వేసుకుని వెళ్లి మంచు సాపుచేసి, పైన వేడినీళ్ల పూత పరిచి వచ్చాను. అది గడ్డకట్టడానికి పది నిమిషాలు పడుతుంది. బండి దిగి చూసేసరికి, కమ్యూనిటీ హాల్లో పెళ్లిళ్లకు పరిచే ఎర్ర తివాచీని నలుగురు మోసుకొస్తున్నారు. వెనకాలే మైకు, మైకు వెనకాల మంత్రిగారు.

"సార్, నీళ్లింకా గడ్డకట్టలేదు. పది నిమిషాలు ఆగండి," అన్నాను.

"ఈ ఊరి ప్రజలు డెబ్భై ఏళ్లు ఆగారు. ఇంకా ఆగమంటావా?"

తివాచీ తడి మీద పరిచారు. మంత్రిగారు దాని మీద నడిచి మధ్యకు వెళ్లి నిలబడ్డారు.

రెండు ముక్కలు మాట్లాడతానన్నారు. మొదటి ముక్క ఇరవై రెండు నిమిషాలు, రెండోది పదహారు. ఆఖరిదాకా ఉండటం అనే గుణం గురించి మాట్లాడారు. మధ్యలో లేచిపోయేవాళ్ల వల్లే దేశం ఇలా ఉందన్నారు. ఆ మాటకు స్కౌట్లు మొహాల్లో ఏమీ కనిపించనివ్వలేదు. కుర్రాళ్లు బెంచీల మీద కూర్చుని కాళ్లు ఊపుతూ వెచ్చబెట్టుకున్నారు. టైసన్ ఒక్కడే నిలబడి, నా వైపూ తివాచీ వైపూ మార్చిమార్చి చూశాడు. పుట్టినప్పటినుంచీ అరేనాలో పెరిగినవాడు, వాడికి అర్థమైపోయింది.

ప్రసంగం అయింది. చప్పట్లు మోగాయి. నలుగురు వచ్చి తివాచీ అంచు పట్టుకుని లాగారు. తివాచీ రాలేదు. ఎనిమిదిమంది లాగారు. అంచున ఉన్న కుచ్చులు మాత్రం వచ్చాయి.

"ఏమైంది?" అన్నారు మంత్రిగారు.

"మంచులో కలిసిపోయిందండీ," అన్నాను.

"మంచిదేగా, జారదు. ఆడించండి."

రిఫరీ వచ్చి హెల్మెట్ తీశాడు. "ఆడే రబ్బరు బిళ్ల, అదే పక్కు, వచ్చి తివాచీ మీద ఆగిపోతుందండీ."

"రెండు జట్లకీ సమానంగానే ఆగుతుంది కదా?"

"అది నిజమే గానీ..."

"మా శాసనసభలో మధ్యలో తివాచీ లేదూ? అయినా నడవటం లేదూ?"

రిఫరీ ఆలోచనలో పడ్డాడు. ఈలోగా టైసన్ గోడ దూకి, నా గదిలోంచి గడ్డపార తెచ్చి తివాచీ పక్కన కొట్టడం మొదలుపెట్టాడు. వాడిని చూసి మిగతా పద్దెనిమిదిమందీ పారలు పట్టుకున్నారు. అవతలి జట్టువాళ్లు కూడా వచ్చారు. ముప్పావుగంట కొట్టారు. ఒక మూల రెండడుగులు లేచింది, దాంతోపాటు మంచు కూడా లేచి కింద సిమెంటు కనిపించింది.

"వెండెల్ అంకుల్, ఇంకో గంట కొడితే వచ్చేస్తుందా?" అన్నాడు టైసన్. హెల్మెట్ లోపల చెమట కారుతోంది.

"రేపు పొద్దుటికి రావచ్చురా."

వాడు ఇంకో రెండు దెబ్బలు కొట్టి గడ్డపార కింద పెట్టాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. రిఫరీ ఈల వేసి, మూడో పీరియడ్ రద్దని, స్కోరు రెండు రెండుగానే ఉంటుందని చెప్పాడు. క్యాంటీన్ కిటికీ మూసుకుంది. ఇరవై రెండేళ్లలో మ్యాచ్ రోజున ఆ కిటికీ అంత తొందరగా మూయడం నేను చూడలేదు.

మంత్రిగారు కోటు తొడుక్కుంటూ నా భుజం తట్టారు. "చూశావా? మాటంటే మాటే. ఒక్క స్కౌటు కదిలాడా?"

కదల్లేదు. అది ఎవరూ కాదనలేని నిజం. నేను లారీ తీశాను. గేటు దగ్గర బ్రాన్విన్ ఫైలు విప్పి విలేకరులకూ స్కౌట్లకూ తలో కవరూ పంచింది. నాకూ ఒకటి ఇచ్చింది. పేరు 'మంత్రిగారి ప్రతిభా నివేదిక'. పంతొమ్మిదిమంది కుర్రాళ్ల గురించీ తలో పేరా ఉంది. పద్దెనిమిది పేరాలు రెండేసి లైన్లు. టైసన్ పేరా మాత్రం బారెడు. మిగతా పద్దెనిమిదిమంది తల్లులూ ఉత్తరాలు రాయలేదు మరి. మ్యాచ్ శనివారం జరిగింది, నివేదిక మీద తేదీ గురువారం ఉంది. ఇంత ముందుచూపున్న మంత్రి మనకుండటం మామూలు విషయం కాదు.

లారీ మున్సిపాలిటీలో అప్పజెప్పి, ఇంటికి వెళ్లబుద్ధి కాక హైవే పక్క కాఫీ షాపుకు వెళ్లాను. గుండ్రటి బల్ల దగ్గర ఆరుగురూ ఉన్నారు. ఆరు ఫారాల్లోనూ ఆఖరి గడి ఖాళీగా ఉంది.

"మూడో పీరియడ్ జరగలేదని రాసేద్దామా?" అన్నాడు వాళ్లలో చిన్నవాడు.

మర్రే కాఫీ కప్పు దింపాడు. "జరగలేదని రాస్తే, మిగతా మ్యాచుల్లో అది జరిగినప్పుడు నువ్వెక్కడున్నావని అడుగుతారు. ముప్ఫై ఏళ్లలో నేనొక్క గడీ ఖాళీగా వదల్లేదు, తెలుసా?"

"మరేం రాస్తాం?"

మర్రే కప్పు కింద పెట్టుకున్న కవరు వైపు చూశాడు. కప్పు పక్కకు జరిపాడు. కవరు చించి చదివాడు. కళ్లజోడు సవరించుకుని ఇంకోసారి చదివాడు. తరవాత చెయ్యి అడ్డం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రెండోవాడు మెడ చాచాడు. మూడోవాడు రెండోవాడిని చూశాడు. అలా చుట్టూ తిరిగి ఆరోవాడు ముగించాక, మర్రే అతని ఫారం లాక్కుని తనదానితో సరిచూసుకున్నాడు. తేడా లేదు. అందరూ తేలికపడి బటర్ టార్టులు తెప్పించుకున్నారు.

జూన్ ఆఖరివారం. అరేనాలోంచి చెక్కి పారేసిన మంచు వెనకపక్క పెద్ద గుట్టగా ఉంటుంది, అది ఎండాకాలంలో గానీ కరగదు. ఆ మంచుతోపాటే చెక్కేసిన తివాచీ ముక్కలు అప్పటికి బయటపడుతున్నాయి. డ్రాఫ్ట్ రెండోరోజు నేనూ కొలీనూ క్యాంటీన్ టీవీ ముందు కూర్చున్నాం. టైసన్ చూడలేనని బయటికెళ్లి ఆ ముక్కలు ఏరుతున్నాడు. సోమవారం నుంచి మిల్లులో చేరాలి.

ఆఖరి రౌండు కూడా సగమైంది. "ఇక కట్టేయ్ వెండెల్," అంది కొలీన్. నేను లేచాను. రిమోట్ చేతిలో ఉండగానే టీవీలో ఎవరో "టామరాక్ ఫాల్స్, టైసన్ పెల్టోలా" అన్నారు.

ఆ తరవాత ఏం అరిచామో గుర్తులేదు. టైసన్ చేతిలో ఎర్ర ముక్కతోనే పరిగెత్తుకొచ్చాడు, తల్లి వాణ్ని మంచునీళ్లతో సహా కావలించుకుంది, నేను ఇద్దర్నీ కావలించుకున్నాను. అరవైమూడేళ్ల వయసులో ఏడ్చాను. ఆ మిల్లు బూట్లు ఇంకెవరైనా తొడుక్కోవచ్చు.

టీవీలో విలేకరి ఆ క్లబ్బు మేనేజరుని అడుగుతున్నాడు. "రెండేళ్లు ఎవరూ పట్టించుకోని కుర్రాణ్ని ఎందుకు తీసుకున్నారు?"

"మా స్కౌట్లు కాగితాలు చూసి నిర్ణయించరండీ," అన్నాడు మేనేజరు. "కళ్లతో చూడాల్సిందే. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో మూడో పీరియడ్, ఆఖరి పది నిమిషాలు. ఎడమపక్కనుంచి వచ్చాడట. ఇద్దరు పెద్ద డిఫెన్సువాళ్ల మధ్యనుంచి, పిల్లి బేకన్ ముక్క కరుచుకుని కుర్చీకాళ్ల సందులోంచి జారుకున్నట్టు జారుకున్నాడట. ఆ మ్యాచ్ చూసిన ప్రతి స్కౌటూ అదే మాట అన్నాడు."

కొలీన్ కొడుకు మెడ చుట్టూ ఉన్న చేతులు మెల్లగా వదిలింది. టీవీ వైపు చూసింది. నా వైపు చూసింది.

"వెండెల్," అంది, "మా పిల్లిని వీళ్లెప్పుడు చూశారు?"