మగ్గాలు ఆపి చూడరాదు

నగరి పట్టణ ప్రజలకు, ముఖ్యంగా మరమగ్గాల వీధి నివాసులకు, సవినయంగా తెలియజేయడమేమనగా: మన బాల్యం డిస్కుగా వెలువడినది. తిరుపతి బస్టాండు ఎదుట అంగడిలో దొరుకుచున్నది. వచ్చే అమావాస్య నాడు పదిగంటలకు మన వీధిలో బహిరంగ ప్రదర్శన కలదు. కన్నీళ్లు తుడుచుకొనుటకు ఎవరి తువ్వాలు వారు తెచ్చుకొనవలెను.

2005లో ఈ ప్రకటనను ప్రతి కరెంటు స్తంభానికీ అంటించినవాడు మునీంద్ర. ఆయన ‘గబ్బిలాల కోట స్మారక సంఘం’ అధ్యక్షుడు. ఊళ్లో ఏ సంఘానికీ అధ్యక్షుడు కాలేక సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నాడని కొందరు అంటారు. గొప్పవాళ్ల మీద ఇలాంటి మాటలు పడుతూనే ఉంటాయి.

‘గబ్బిలాల కోట’ తెలియని దురదృష్టవంతులు కూడా ఈ కథ చదువుతూ ఉండవచ్చు కనుక చెబుతాను. తొంభైల మొదట్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన పిల్లల సాహస సీరియల్ అది. ఒక అన్న, ఒక చెల్లెలు, పాడుబడిన కోట, కోటలో కరాళుడనే గడ్డం మాంత్రికుడు. చెల్లెలి పేరు వీరబాల. కరాళుడు నిప్పుల మీద పెద్ద గుండిగ పెట్టి పిల్లల్ని ఉడకబెట్టడానికి నీళ్లు మరిగిస్తాడు. కోట బావిలో తెల్లటి విషం చల్లుతాడు. అన్న ఆ నీళ్లు తాగి కళ్లు తేలేస్తే, వీరబాల సంజీవని తెచ్చి చెంచాతో నోట్లో పోస్తుంది. ఆ వారం మా వీధిలో పొయ్యి వెలిగించని ఇళ్లున్నాయి.

ఇంత గొప్ప సీరియల్ కొన్ని వారాలు వచ్చి, వానలు వెనకబట్టగానే ఆగిపోయింది. ఇది రాయలసీమ పట్ల వివక్ష తప్ప మరొకటి కాదని మా ఊరు ఆ వారమే తేల్చేసింది. పెద్దలు రోడ్డు మీద కూర్చుని తిరుపతి బస్సులు ఆపారు. బస్సుల్లో ఉన్నవాళ్లకు ఎందుకు ఆపారో తెలియదు. ఆపినవాళ్లలో చాలామందికీ తెలియదు. అయినా ధర్నా జయప్రదమైంది.

ఆ సీరియల్ మా తరాన్ని తీర్చిదిద్దింది. ధైర్యమంటే ఏమిటో దాన్ని చూసే నేర్చుకున్నామని మునీంద్ర ప్రతి సభలోనూ చెబుతాడు. పొద్దుగూకాక ఊరవతల కైలాసకోన అడవి వైపు వెళ్లమంటే మాత్రం ఆయనకు నడుం నొప్పి వస్తుంది. కూతురికి వీరబాల అని పేరు పెట్టుకున్నాడు. తాతమ్మ పేరు పెట్టలేదని అత్తగారు ఏడాది పాటు ఆ గడప తొక్కలేదు. దాన్ని కూడా ఆయన సీరియల్ వల్ల కలిగిన మేళ్లలో చేర్చాడు.

విచిత్రమేమంటే తిరుపతిలో మా వయసు వాళ్లను అడిగితే, “అట్లాంటిది ఒకటొచ్చింది గానీ, గుర్తు లేదప్పా” అనేవారు. పుత్తూరులోనూ అదే మాట. నిత్యం కొండకేసి చూసేవాళ్లకు కళ మీద దృష్టి ఉండదని మునీంద్ర వాళ్లను క్షమించాడు.

ఇప్పుడు మేము సీరియల్ చూసిన విధానం మనవి చేసుకోవాలి. వీధి మొత్తానికి ఒకటే టీవీ, నాగరత్నమ్మ ఇంట్లో. ముందు గదిలో టీవీ, వెనక కొట్టంలో మరమగ్గాలు. ఎదురింట్లో మగ్గాలు, పక్కింట్లో మగ్గాలు. మా మగ్గాలకు ఆదివారమని లేదు, పండగని లేదు. అమావాస్య ఒక్కటే సెలవు. సీరియల్ వచ్చిన రోజుల్లో ఒకే ఒక్క ఆదివారం అమావాస్య పడింది. ఆ రోజు సీరియల్‌కు బదులు క్రికెట్ వేశారు.

కనుక సీరియల్‌లో ఒక్క మాట కూడా మా చెవిన పడే వీల్లేదు. మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడినా మాకు మర్నాడు పేపర్లో చూసి తెలియాల్సిందే. పైగా వోల్టేజి పడిపోయి టీవీలో బొమ్మ అప్పడమంత అయ్యేది.

అయితే మగ్గాల వీధిలో పుట్టినవాళ్లకు చెవులతో పెద్ద పని లేదు. మగ్గం ఇవతలి నుంచి అవతలి మనిషి పెదాలు చూసి మాట తెలుసుకుంటాం. పెళ్లిచూపులు, తగవులు, దీవెనలు అన్నీ అలాగే నడుస్తాయి. ఈ విద్యలో కుప్పయ్యకు సాటి లేదు. వీధి ఆ చివర మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటుంటే ఈ చివర కూర్చుని ఇద్దరి మాటలూ పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. అందువల్ల ఆయన్ను టీవీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టేవాళ్లు. తెర మీద పెదాలు చదివి, మగ్గాలను మించిన గొంతుతో మాకు అరిచి చెప్పేవాడు. కరాళుడి నవ్వు నవ్వేవాడు. వీరబాల ఏడుపు ఏడ్చేవాడు. గొంతు బొంగురుపోతే నాగరత్నమ్మ మిరియాల చారు కాచి ఇచ్చేది.

ఆ తర్వాత ఆయన మగ్గం మానేశాడు. కళ్లు ఆనుతున్నాయి గానీ చేతులు వణుకుతున్నాయి. ఆయనకు కొడుకులు లేరు, పొలం లేదు. ఉన్నదల్లా టీ అంగడి ముందు బల్ల, దాని మీద ఆయన తప్ప ఎవరూ కూర్చోని ఒక చోటు. సాయంత్రం అక్కడ చేరి, “మామా, గుండిగ ఘట్టం చెప్పు” అంటే చెబుతాడు. వీధిలో ఆయన మాటకు తిరుగు లేదు. ఆయన ఆస్తి అంతా అదే.

అమావాస్య రానే వచ్చింది. మగ్గాలు ఆగాయి. మునీంద్ర డిస్కును వారం రోజులుగా దేవుడి గూట్లో పసుపు కుంకుమలతో ఉంచాడు. అందరికంటే ముందు ఎవరూ చూడరాదని శాసించి, తానూ నిష్ఠగా పాటించాడు. షామియానా వేశారు. అద్దెకు పెద్ద కలర్ టీవీ, పెళ్లిళ్లకు తెచ్చే సౌండు బాక్సులు వచ్చాయి. కుప్పయ్యకు శాలువా కప్పి ముందు వరసలో కుర్చీ వేశారు.

మునీంద్ర మైకు అందుకున్నాడు. “సోదర సోదరీమణులారా! ఏ కళాఖండమును చూచి మనము మనుషులమైతిమో, ఆ కళాఖండము నేడు చావు లేని డిస్కుగా మన మధ్య వెలసినది. కరాళుని గర్జనను, వీరబాల సింహనాదమును ఇంతకాలము మన కుప్పయ్య మామ నోట వింటిమి. నేడు వారి నోటనే విందుము!” చప్పట్లు మోగాయి. కుప్పయ్య కూడా కొట్టాడు. ఏ మాటకు కొడుతున్నాడో ఆయనకు ఇంకా తెలియదు.

డిస్కు వేశారు. ‘గబ్బిలాల కోట’ అని పెద్ద అక్షరాలు. వాటి కింద, అప్పట్లో వోల్టేజి మింగేసిన చిన్న అక్షరాలు: ‘ప్రజారోగ్య ప్రబోధ ధారావాహిక’. మా ధనంజయ బడిపంతులు కనుక పైకి చదివాడు. మాకు అర్థం కాలేదు. బిరుదేమో అనుకుని ఇంకోసారి చప్పట్లు కొట్టాం.

అన్నాచెల్లెళ్లు కోటలోకి వచ్చారు. గుండిగ ముందు గడ్డం మనిషి నిలబడ్డాడు. వీధి ఊపిరి బిగబట్టింది. ఆయన గరిటె పైకెత్తి ఎంతో మృదువుగా అన్నాడు: “చూశారా పిల్లలూ, నీటిని ఇలా తెర్లేదాకా కాచి, చల్లార్చి, వడగట్టి తాగాలి.”

సౌండు బాక్సుల్లోంచి ఆ మాట వీధి చివరి దాకా వెళ్లింది. గడ్డం మనిషి కరాళుడు కాదు, ఆరోగ్య కార్యకర్త. బావిలో చల్లింది విషం కాదు, బ్లీచింగ్ పౌడర్. గబ్బిలాలు చేసిన పాపమల్లా ఆ బావిలో రెట్ట వేయడమే. అన్న కళ్లు తేలేసింది విరేచనాలు పట్టుకుని. వీరబాల ఆవేశంగా కొండ దిగి పరిగెత్తి తెచ్చిన సంజీవని, గ్లాసు నీళ్లలో ఇంత ఉప్పు, ఇంత చక్కెర. వానాకాలం రోగాల ప్రచారం కోసం తీశారు కాబట్టి, వానాకాలం అయిపోగానే ఆపేశారు. రాయలసీమ సంగతే వాళ్లకు గుర్తు లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మునీంద్ర ఇంటికి తగిలింది. తెర మీద చెల్లెల్ని అందరూ ‘పాపా’ అంటున్నారు. “నాయనా, నా పేరు యాడ నాయనా?” అని కూతురు అడిగింది. మునీంద్ర మైకు పట్టుకునే ఉన్నాడు గానీ, ఉపన్యాసం రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి, ఆ ముఖం చూసి నాకు నిజంగా జాలేసింది.

అప్పుడు జనం కుప్పయ్య వైపు తిరిగారు.

“ఇంత కాలం మా నెత్తిన టోపీ పెట్టినావా మామా?” అన్నాడు ధనంజయ. “నీ మాట నమ్మి మా పెద్దోళ్లు బస్సులు నిలిపినారు గదా!”

కుప్పయ్య శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు. “నేను బొంకలేదప్పా. ఆ పెదాలు యట్ల ఆడినాయో అట్లే చెప్పినాను.”

ఆ మాట నిజమే. సీరియల్ తీసింది హిందీలో. తెలుగు మాటలు తర్వాత అతికించారు. పెదాలు హిందీ ఆడితే కుప్పయ్య వాటిని నమ్మకంగా తెలుగులో చదివాడు. కథ మాంత్రికుడి దాకా వెళ్లింది. హిందీ రాకపోవడం నేరం కాదు. కానీ శాలువా కప్పించుకున్న మనిషి మీద జనానికి కోపం వస్తే అది న్యాయం చూడదు.

“సరే, నాది బొంకే అనుకోండి,” అన్నాడు ముసలాయన. “ఆ పిల్లోడు కండ్లు తేలేసినప్పుడు మీరంతా ముక్కులు సీదుకుంటా యేడ్సినారే, ఆ యేడుపు గూడా బొంకేనా?”

డిస్కులో గడ్డం మనిషి భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం గురించి చెబుతూనే ఉన్నాడు.

అంతసేపూ గోడకానుకుని వక్కాకు నములుతున్న నాగరత్నమ్మ లేచింది. “యాలరా ఆయన్ని అట్ల తింటారు? శబ్దం వినబడబట్టి గదా ఈ పీడంతా. పోయి మగ్గాలెయ్యండి.”

“అమావాస్య గదవ్వా!” అన్నారు నలుగురూ. అమావాస్య నాడు నేత నేసిన ఇల్లు బాగుపడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు.

“నేయబాకండి. నాడెలో నూలు కండె పెట్టకుండా ఉత్త మగ్గం ఆడించండి. పోగు పడకుండా నేత యట్లయితాది?”

ఆహా, శాస్త్రమంటే ఇలా ఉండాలి! పెద్దలు అక్కడికక్కడే సమావేశమై, ‘పేక పోగు లేని మగ్గము మగ్గము కాదు, కేవలము శబ్దము. శబ్దమునకు అమావాస్య లేదు’ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. స్విచ్చులు వేశారు. వీధి వీధంతా దడదడమంది. ఆరోగ్య కార్యకర్త గొంతు మునిగిపోయింది. వోల్టేజి పడిపోయి, అంత పెద్ద కలర్ టీవీ కూడా వణికింది. మా అందరి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఇదే మా సీరియల్.

మునీంద్ర స్వయంగా కుప్పయ్యను చెయ్యి పట్టుకుని టీవీ పక్కన కూర్చోబెట్టాడు. ముసలాయన ఒక్క క్షణం తెర వైపు చూశాడు. తర్వాత మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు: “వీరబాలా! సచ్చినా ఈ కోట దాటి పోలేవు!”

మునీంద్ర కూతురు లేచి ఎగిరి గంతేసింది. తువ్వాళ్లు తడిశాయి.

స్మారక సంఘం ఆ వారమే డిస్కుల కంపెనీకి లేఖ రాసింది: ‘తమరు పంపిన సరుకులో శబ్దమనే లోపము కలదు. సవరించి వెంటనే పంపగలరు.’ మగ్గాలు ఆపి ‘గబ్బిలాల కోట’ చూసినవారిని సంఘం నుంచి వెలివేయాలని కూడా తీర్మానం జరిగింది. కుప్పయ్య మళ్లీ టీ అంగడి బల్ల మీదికి చేరాడు.

కథ ఇక్కడ ముగిస్తే అందరికీ గౌరవంగా ఉండేది. కానీ వానలు పడ్డాయి.

మురుగు కాలవ నీళ్లు మంచినీళ్ల పైపులో కలిశాయి. ఒకనాడు మా వీధికి నిజంగానే ఒక ఆరోగ్య కార్యకర్త వచ్చాడు. కొండకు మొక్కుకుని గడ్డం పెంచుతున్నాడు. చేతిలో తెల్లటి పొడి డబ్బా. వీధి నడుమ నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. మగ్గాలు ఆడుతున్నాయి. మేమంతా అలవాటు ప్రకారం కుప్పయ్య వైపు చూశాం. ఈ మనిషి పెదాలు అచ్చమైన చిత్తూరు తెలుగు ఆడుతున్నాయి. కుప్పయ్య వాటిని పొల్లు పోకుండా చదివాడు.

“నీళ్లు కాసుకోని తాగమంటాండాడప్పా. ల్యాకపోతే రోగమొస్తాదంట.”

మేము కాసేపు ఎదురుచూశాం. కుప్పయ్య ఇంకేమీ చెప్పలేదు. గుండిగ లేదు, కోట లేదు.

“పాపం, మామకు వయసైపోయినాది,” అన్నాడు మునీంద్ర. “ముందు మాదిరి సదవలేకపోతాండాడు.” అందరం తలలూపాం. ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోయాం. మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గరికి ఎవరూ కథ అడగడానికి వెళ్లలేదు. ఆయన చోట్లో ఎవరో సైకిలు ట్యూబు ఆరబెట్టుకున్నారు. ఒక్క నాగరత్నమ్మ మాత్రం ఆయన చెప్పినట్టు గుండిగలో నీళ్లు కాచి, ఒక చెంబు ఆయనకూ పంపింది.

ఈ సంగతులన్నీ నేను ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. పక్క మంచం మునీంద్రది, అటు పక్కది ధనంజయది. వీధిలో నడవగలిగిన స్థితిలో ఉన్నవాళ్లు ఆ కాచిన నీళ్లు తాగిన ఇద్దరే కనుక, మాకు గ్లాసుల్లో ఉప్పూ చక్కెరా కలిపి తెస్తున్నది కుప్పయ్యే. చెంచాతో నోట్లో పోస్తూ ఏమీ అనడు. పెదాలు కూడా కదపడు.

మాకంటే మగ్గాలున్నాయి, వినిపించలేదు. మగ్గాలు లేని ఊళ్లల్లో మీరంతా ఆ గడ్డం మనిషి చెప్పింది స్పష్టంగా విన్నారు కదా. ఇంతకీ, మీరు నీళ్లు కాచుకునే తాగుతున్నారా?