ఈశ్వరి చెంపకు దిగిన వంశం

ఆ మండలంలో ఎవరు ఎవరి బిడ్డో మొటిమలు చూసి తేల్చేవారు. మొటిమలు వచ్చే తత్వం వంశంలోనే ఉంటుందని శాస్త్రజ్ఞులు చెప్పిన దగ్గర్నుంచి ప్రభుత్వం పుట్టుక పత్రాలు ఆపేసి, తహసీల్దారు కార్యాలయానికో భూతద్దం మంజూరు చేసింది. జనానికీ అలవాటైపోయింది. చెంపల తనిఖీ ఉన్న రోజు ఇంటిల్లిపాదీ సబ్బు ముట్టేవారు కాదు.

సన్యాసిది మూటలు మోసే కళాసీ పనైనా ఊళ్లో పేరున్న మొహం. చెంపల నిండా గుంటలు, మిట్టలు. అతని తండ్రివీ, తాతవీ అలాంటివే. సంతలో ఆ చెంపలు చూసి జనం దారి ఇచ్చేవారు. అతని కూతురు ఈశ్వరి ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. సన్యాసి కూతురేనన్న ధ్రువపత్రం సోమవారంలోగా ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆమె చెంపలు చూస్తే నున్నగా ఉన్నాయి.

తనిఖీ అధికారి భూతద్దం దించాడు. "ఈ మొహానికి తండ్రి లేడమ్మా."

"ఇక్కడే కూకున్నాను గదా బాబూ," అన్నాడు సన్యాసి.

"నువ్వున్నావయ్యా. నీ చెంప ఈ పిల్ల దగ్గర లేదు."

ఈశ్వరి నెమ్మదిగా చెప్పింది. "తండ్రి నుంచి దిగేది మొటిమ కాదు సార్, మొటిమ వచ్చే తత్వం. అది ఎన్నో జన్యువుల్లో కాస్త కాస్త ఉంటుంది. ఉన్నా అందరికీ బయటపడదు."

"ఉండొచ్చమ్మా. కానీ జన్యువు ఆఫీసుకి రాదు కదా. మొహమే వస్తుంది."

తల్లి బంగారమ్మ తల దించుకుంది. పట్నం కాలేజీలో మొటిమలు చూసి పిల్లను ఎవరూ చులకన చేయకూడదని రోజూ పసుపూ శనగపిండీ రుద్దింది ఆమే. "నానే సెరిపేసినాను బాబూ వంశాన్ని," అంది.

చదువుకున్న పిల్ల కాబట్టి ఈశ్వరి ఏం చేయాలో ఆలోచించుకుంది. మొహానికి ఆముదం పట్టించింది. మాసిన దిండుకు చెంప ఆనించి పడుకుంది. ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ మిగతా పని చేసింది. ఆదివారం తెల్లవారేసరికి ఎడమ చెంప మీద కందిగింజంత మొటిమ లేచింది. సలుపుతోంది. సన్యాసి కూతుర్ని వీధి వీధికీ తిప్పాడు.

"సూడండ్రా, ఆ ఎరుపు మా తాతది. ఎక్కడికి పోద్ది?"

సోమవారం అధికారి చెంప దగ్గరికి వంగాడు. ఈశ్వరి డిగ్రీ పట్టా అందించబోతే, మొహానికి అడ్డొస్తోంది, పక్కకు తీయమన్నాడు. తరవాత ముద్ర కొట్టాడు. సన్యాసి కళ్లు తుడుచుకున్నాడు.

బడిలో ఆమెకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. మొదటి పని పిల్లల్ని చెంపల ప్రకారం కూర్చోబెట్టడం. ముందు బల్ల మీద నున్నటి మొహమున్న పిల్ల ఒకతి, అడగకముందే జవాబు చెప్పడానికి చెయ్యెత్తింది.

"నువ్వు వెనక బల్లకి వెళ్లమ్మా," అంది ఈశ్వరి.

ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుని వెళ్లింది. ఎందుకని తరగతిలో ఒక్కరూ అడగలేదు. మొదటి రోజే ఇంత మంచి క్లాసు దొరికినందుకు ఈశ్వరికి గర్వంగా అనిపించింది.